తాడుకు తాడు

అలివి వల లాగుతున్నప్పుడు చూడవచ్చినవాళ్ళ కళ్ళన్నీ నీళ్ళమీదే ఉంటాయి. వల ఎప్పుడు ఒడ్డెక్కుతుంది, ఏం చేప పడింది, ఎంత పడింది? అటొక గుంపు, ఇటొక గుంపు ఇసకలో మడమలు దిగేసి, వెనక్కి వాలి లాగుతుంటారు. చాలాసేపు వాళ్ళ చేతుల్లోంచి వచ్చేది మాత్రం తాడే. పడవ ఒక కొసను ఒడ్డున మనుషుల చేతికిచ్చి, కెరటాలు దాటి, వంపు తిరిగి, రెండో కొసను కాస్త దూరాన మళ్ళీ ఒడ్డుకు చేరుస్తుంది. ఈలోగా నీళ్ళలోకి దిగిన తాడు వందల మీటర్లు. అంత పొడవున ఏకంగా ఎవరూ పేనలేదు. ముక్కకు ముక్క కలిపితే అంతయింది. పాతదానికి కొత్తది, లావుదానికి సన్నది, కొబ్బరి తాడుకు నైలాను తాడు. కలిసిన ప్రతిచోటా ఒక ముడి. లాగేవాడి అరచేతికి అది తగిలి వెనక్కి పోతుంది. తగిలిన సంగతి అతను తలచుకోడు. ముడిని గురించి తలచుకోవలసి వచ్చిందంటే ఆ పూట వల చేజారిందన్నమాటే.

ఎవరి తలపుకూ రాని ఆ ముడిని గురించే ఈ నాలుగు మాటలు.

అసలు తాడంటేనే అతుకుల పని. కొబ్బరి పీచు పోగు మహా అయితే జానెడున్నర పొడవుంటుంది. ఉద్దానంలోనో కోనసీమలోనో ఆ పీచును తీసి, ఆరబెట్టి, పోగుకు పోగు అందిస్తూ పురి పెడితే దారమవుతుంది. ఆ దారాలను ఎదురు పురితో రెండు మూడు పేటలుగా పేనితే తాడు. ఎదురు పురి పడకపోతే చెయ్యి వదలగానే అంతా విప్పుకుపోతుంది. లోపలి పురి విప్పుకోవాలని చూస్తుంటే పైపురి దాన్ని మరింత బిగిస్తుంది. పోగు పోగునూ ఒరుసుకుని పట్టుకోవటమే తాడు బలం. రెండు తాళ్ళను కలిపిన ముడి బలమూ ఆ ఒరిపిడే. అందులో మేకు లేదు, జిగురు లేదు, పనిముట్టు లేదు. తాళ్ళు రెండూ విడిపోయాక ముడి అనేది ఎక్కడా మిగలదు. మనిషి చేసిన వస్తువుల్లో ఇంత తక్కువ చోటు తీసుకుని ఇంత బరువు మోసేది ఇంకొకటి ఉందా అంటే నాకైతే తోచలేదు.

వలపని చేసేవాళ్ళ చేతుల్లో ఎక్కువగా తిరిగే ముడిని నావికుల పుస్తకాలు షీట్ బెండ్ అంటాయి. వలలో ఒక్కొక్క కన్నునూ బిగించే ముడి ఇదే. మగ్గం మీద తెగిన పోగును అతకడానికి అనేక దేశాల నేతగాళ్ళు వేసే ముడి కూడా ఇదే. ఒకే తీరంలో మగ్గాలూ వలలూ కలిసి ఉన్న చీరాల, వాడరేవు లాంటి చోట్లు తలుచుకుంటే ఈ చుట్టరికం సంతోషం కలిగిస్తుంది. ముడి వేసే తీరు చాలా తేలిక. లావు తాడు కొసను మడిచి ఎడమ చేత్తో పట్టుకోవాలి. సన్న తాడు కొస ఆ మడత లోపలినుంచి పైకి రావాలి, మడత రెండు పాయల వెనకగా చుట్టి రావాలి, వచ్చి తన కిందనుంచి తనే దూరాలి. అంతే. లాగితే బిగుస్తుంది. బరువు తీసేసి మడతను కాస్త వెనక్కి నెడితే వదులవుతుంది. తాళ్ళ లావుల్లో తేడా మరీ ఎక్కువైతే సన్న తాడు ఇంకొక చుట్టు తిరగాలి.

పడవ దగ్గర పెద్దవాళ్ళు పిల్లలకు దీన్ని మాటలతో నేర్పరు. వేసి చూపిస్తారు, పిల్లవాడు వేస్తే చూస్తారు, ఒక కొస పట్టుకుని గట్టిగా గుంజుతారు. నిలిస్తే నిలిచినట్టు. మాట అవసరమయ్యేది ఒక్కచోటే. “కొసలు రెండూ ఓ పక్కకే వచ్చాయేట్రా? సూసుకో.” కొసలు చెరోపక్కకు వస్తే ముడి అచ్చం ఒకేలా కనబడుతుంది, అలవాటు లేని కన్ను పోల్చుకోలేదు. పట్టు మాత్రం తక్కువ. ఒడ్డున లాగి చూస్తే నిలిచి, కెరటాల్లో ఒకసారి బిగిసి ఒకసారి వదులవుతూ ఉంటే కొంచెం కొంచెంగా జారిపోతుంది. ఆ ఒక్క వాక్యంలో ఉన్న చదువు ఎన్ని తరాలదో!

ఈ ముడిలో వంగేది లావు తాడు, చుట్టూ తిరిగేది సన్న తాడు. తిరగేసి వేస్తే, అంటే సన్నదాన్ని మడిచి లావుదాన్ని చుట్టమంటే, ముడి కూర్చోదు. మొండి తాడు నిటారుగా లేచి మడతలోంచి బయటికి వచ్చేస్తుంది. దీన్ని మనుషుల సంగతిగా మలచి చెప్పాలని ఎవరికైనా మనసవుతుంది. ముడిని ముడిగానే చూడటం దానికి మనమిచ్చే గౌరవమని నా నమ్మకం. అందులో ఉన్న తెలివి అలాంటి పోలికకన్నా పెద్దది.

ఆ తెలివి ఎక్కడుందో మన ఇళ్ళలో వేసే ముడిని పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. సంచి మూతికి, పుస్తకాల కట్టకు మనం కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి వేసి ముడేస్తాం. అది అక్కడ చక్కగా నిలుస్తుంది, ఎందుకంటే వెనక ఒక సంచో కట్టో ఉండి దాన్ని ఒత్తిపెడుతుంది. అదే ముడితో రెండు తాళ్ళను కలిపి గాలిలో లాగితే నమ్మకం లేదు. ఒక కొస ఎక్కడో తట్టుకుని పక్కకు గుంజిందంటే ఆ తాడు నిటారై, రెండోది దాని మీదినుంచి ఉంగరంలా జారి వస్తుంది. ముడుల మీద జీవితమంతా పనిచేసిన అమెరికన్ చిత్రకారుడు క్లిఫర్డ్ ఆష్లే, తాళ్ళను కలపడానికి ఈ ముడిని వాడటం వల్ల పోయినన్ని ప్రాణాలు మిగతా ముడులన్నీ కలిసినా తీసి ఉండవేమోనని హెచ్చరించాడు.

ఎందుకిలా అన్నది గణితానికి ఈమధ్యనే కొంత అందింది. 2020 జనవరిలో సైన్స్ పత్రికలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు విశాల్ పాటిల్, యోర్న్ డుంకెల్, మథియాస్ కోలే బృందం ఒక పత్రం ప్రకటించింది. ఒత్తిడిని బట్టి రంగు మారే పోగులతో ముడులు వేసి, ఎక్కడ ఎంత బిగువుందో కంటితో చూశారు. రెండు తాళ్ళను కలిపే ముడి నిలవాలంటే మూడు సంగతులు చూడాలన్నారు. తాళ్ళు ఒకదాన్నొకటి ఎన్నిసార్లు దాటుతున్నాయి, దాటేచోట పురి ఏ వైపు తిరుగుతోంది, పక్కపక్కన ఉన్న పాయలు ఎదురెదురుగా ఒరుసుకుంటున్నాయా లేక ఒకే దిక్కుకు జారుతున్నాయా. పురులు ఎదురెదురైతే ఒకటి తిరగబోతే రెండోది ఆపుతుంది. పాయలు ఎదురుగా ఒరుసుకుంటే రాపిడి పెరుగుతుంది. తాడు పేనేటప్పుడు ఎదురు పురి పెట్టినవాడికి ఈ మాట చెబితే తల ఊపుతాడు. శాస్త్రం చేతిపనిని ఒప్పుకున్న ఇలాంటి సందర్భాలు చదివినప్పుడు మనసుకు తృప్తిగా ఉంటుంది.

యంత్రం ఒప్పుకున్న కథ ఇంకా పాతది. స్కాట్లాండులో ముసెల్‌బరో అనే రేవు ఊరు ఉంది. అక్కడి జేమ్స్ ప్యాటర్సన్ అనే ఆయన పీపాలు కట్టే పనివాడు, సైన్యంలో చేరి వాటర్లూ యుద్ధంలో పాల్గొని ఇంటికొచ్చాడు. వచ్చాక 1820 ప్రాంతంలో వలలు అల్లే యంత్రాన్ని కట్టాడు. ఎన్నో కన్నులు ఒక్కసారి అల్లే యంత్రం అంటే అప్పటికి అద్భుతమే. చిక్కు ఒక్కటే వచ్చింది. దాని ముడి జారేది. జారే ముడి ఉన్న వలలో కన్నులు కొన్ని పెద్దవై కొన్ని చిన్నవైపోతాయి, పట్టుబడవలసిన చేప పోతుంది, పోవలసిన చిన్న చేప ఇరుక్కుంటుంది. 1835లో అదే ఊరికి చెందిన వాల్టర్ రిచీ, చేత్తో వేసే మామూలు వలముడినే యంత్రం చేత వేయించే ఉపాయం కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. వలల మిల్లులు నిలదొక్కుకున్నది ఆ తరవాతే. ఉక్కు కొక్కాలు, పళ్ళ చక్రాలు అన్నీ ఉండి కూడా యంత్రం చివరకు జాలరి వేళ్ళు తిరిగే దారినే తిరగవలసి వచ్చింది. ఈనాడు విశాఖ రేవులోనో కాకినాడలోనో దుకాణంలో అమ్మే ముడుల వలను దగ్గరగా చూస్తే, కన్ను కన్నుకూ ఉన్నది ఆ పాత ముడో దాని తోబుట్టువో అయి ఉంటుంది.

వలకు ముడి వేయడం ఎంత పాతది? 1913లో అప్పటి ఫిన్లాండు తూర్పు భాగంలో, ఇప్పుడు రష్యాలో ఉన్న అంట్రియా అనేచోట ఒక రైతు పచ్చికబయల్లో కాలవ తవ్వుతుంటే బురదలోంచి వల ముక్కలు బయటపడ్డాయి. విల్లో చెట్టు లోపలి నారతో చేసింది. తేలడానికి చెట్టు బెరడు ముక్కలు, మునగడానికి రాళ్ళు కూడా దానితోపాటే దొరికాయి. వయసు పదివేల ఏళ్ళకు పైమాటే. అంటే కుండ చేయడం ఆ ప్రాంతంలో ఇంకా మొదలుకాకముందే అక్కడి మనిషి నార పేనాడు, ముడి వేశాడు, వల అల్లాడు. ఆ వల వేసినవాళ్ళ భాష, పేర్లు, దేవుళ్ళు ఏమీ మనకు మిగల్లేదు. ముడులు మిగిలాయి.

మన తీరానికి వస్తే ముడికి పెద్ద పరీక్ష పెట్టింది నైలాను. 1935లో అమెరికాలో వాలెస్ కారొథర్స్ తయారుచేసిన ఈ పోగు 1950ల చివరినుంచి మన రేవుల్లోకి రావటం మొదలయింది. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కొచ్చిలో ఏర్పడింది 1957లో. కొత్త పోగుల వలల మీద అక్కడ చాలా పని జరిగింది. అంతకుముందు వల అంటే జనుము, నూలు. వాటిని చెట్టు బెరడు ఉడికించిన కషాయంలో ముంచి, ఆరబెట్టి, కుళ్ళకుండా చూసుకునేవారు. నైలాను కుళ్ళదు, తేలిక, నీళ్ళలో అంతగా కనబడదు. జాలరి బతుకులో అది తెచ్చిన వెసులుబాటు చిన్నది కాదు. తరచూ వలను కషాయంలో ముంచే చాకిరీ పోవడం ఆడామగా అందరికీ ఊరటే. కాని జనుము తడిస్తే ఉబ్బి ముడి బిగిసేది, కొబ్బరి తాడు గరుకుదనంతోనే పట్టుకునేది. నైలాను నున్నన. పాత ముడి అందులో జారింది. అందుకు తీరమంతా ఒకటే జవాబు చెప్పింది: ఇంకొక చుట్టు. వలముడి జంట చుట్ల ముడి అయింది. గాలం వేసేవాళ్ళు నైలాను తీగకు తీగ కలిపేటప్పుడు ఒకదాని చుట్టూ ఒకటి మెలికలు ఎక్కువ తిప్పి, బిగించే ముందు నోట్లో పెట్టుకుని తడి చేస్తారు. చూసేవాళ్ళకు అది అలవాటులా కనబడుతుంది. పొడి తీగ మీద తీగ ఒరుసుకుంటే పుట్టే వేడికి నైలాను అక్కడికక్కడే బలహీనపడుతుంది. ఉమ్మి తడి ఆ వేడిని తగ్గిస్తుంది, ముడి మెత్తగా కూర్చుంటుంది.

ఏ ముడి వేసినా వేసినచోట తాడు కొంత బలం పోగొట్టుకుంటుంది. వంపు తిరిగినచోట బయటి పోగులు సాగి బరువంతా మోస్తాయి, లోపలివి వదులుగా ఉండిపోతాయి. ముడిని బట్టి సగం బలం దాకా పోవచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్ళు తీరికున్నప్పుడు ముడి వేయరు. రెండు తాళ్ళ పేటలనూ విడదీసి, ఒకదాని పేటల్లో ఒకటి దూర్చి అల్లేస్తారు. ఆ అతుకు దాదాపు తాడంత బలంగా ఉంటుంది, ముడికన్నా తేలిగ్గా కప్పీలోంచి పోతుంది. అయితే దానికి సమయం కావాలి, వెలుతురు కావాలి. నడిసముద్రంలో, రాత్రిపూట, వల సగం పైకి వచ్చాక తాడు తెగితే ముడే దిక్కు. ఏ తాడుకు ఏ అతుకు, ఎప్పుడు ముడి, ఎప్పుడు అల్లిక అన్న నిర్ణయం ఒక్క క్షణంలో చెయ్యి తీసుకుంటుంది. నేర్పంటే నా దృష్టిలో ఆ నిర్ణయమే. ముడి వేయడం నెల రోజుల్లో వస్తుంది.

ముడి పనిలో రెండో సగం కూడా ఉంది, దాన్ని మనం తరచూ మరచిపోతాం. ముడి వదలాలి కూడా. తూర్పు తీరపు తెప్పల్లో చాలావాటిని వేకువన తాళ్ళతో కట్టి నీళ్ళలోకి తోసేవారు. తిరిగొచ్చాక కట్లు విప్పి దుంగలను ఇసకలో ఆరబెట్టేవారు. పలకకు పలక కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు కెరటం దెబ్బకు పగలకుండా వంగి, పాతబడితే కుట్టు విప్పి మళ్ళీ కుట్టించుకునేవి. విప్పిన తాడు మళ్ళీ పనికొచ్చేది. ఇప్పుడు ఫైబరు పడవలే ఎక్కువ, నైలాను ముడి ఒకసారి బిగిస్తే విప్పే ఓపిక ఎవరికీ లేదు. కోసేస్తాం. కోసిన కొసలు ఇసకలో, ఇసకలోంచి నీళ్ళలో. జనుము కొస అయితే కొన్ని నెలల్లో మట్టి అయ్యేది. నైలాను కొస మన మనవల కాలానికీ ఉంటుంది. చలికాలం చివర గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వదిలేసిన వలల్లో చిక్కి చనిపోవడం చూసినవాళ్ళు ఈ మాటను తేలిగ్గా తీసుకోరు. జాలరి మీద నెపం వేయడం నా ఉద్దేశం కాదు. పాత తాళ్ళు, వల ముక్కలు కొని తీసుకుపోయే ఏర్పాటు ప్రతి రేవులోనూ ఉంటే వాటిని ఎవరూ నీళ్ళలో పారేయరు. ఆ ఏర్పాటు చేయవలసింది ప్రభుత్వం.

ముడులు మరుగున పడకుండా రాసిపెట్టినవాళ్ళూ ఉన్నారు. పైన ఆష్లే పేరు ఒకసారి వచ్చింది. ఆయన తిమింగిలాల వేటకు పేరుపడిన న్యూ బెడ్‌ఫర్డ్‌లో పుట్టాడు. 1904లో సన్‌బీమ్ అనే వేట ఓడ ఎక్కి నావికుల చేతులను దగ్గరగా చూశాడు. పదకొండేళ్ళు కూర్చుని రాసిన ఆయన ముడుల పుస్తకం 1944లో వచ్చింది. 3,800కు పైగా ముడులు, వేలకొద్దీ బొమ్మలు, అన్నీ ఆయన చేత్తో గీసినవే. ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నాను, ఇది ఏ పనిలో చూశాను అని చాలాచోట్ల రాసిపెట్టాడు. తెరచాపల ఓడలు కనుమరుగవుతున్న కాలంలో ఆ పుస్తకం రాకపోయి ఉంటే చాలా ముడులు వాటితోపాటే మునిగిపోయేవి. 1978లో లండన్ టైమ్స్ మొదటి పేజీలో, ఎడ్వర్డ్ హంటర్ అనే రిటైరైన డాక్టరు రెండు తాళ్ళను కలిపే కొత్త ముడి కనిపెట్టాడని వార్త వచ్చింది. అంతకు దాదాపు పాతికేళ్ళ ముందే అమెరికాలో ఫిల్ స్మిత్ పర్వతారోహకుల కోసం రాసిన చిన్న పుస్తకంలో అదే ముడి ఉందని తరవాత తేలింది. ఆ వార్త రేపిన ఉత్సాహంలోంచే 1982లో ముడుల మీద మక్కువ ఉన్నవాళ్ళంతా ఒక అంతర్జాతీయ సంఘంగా ఏర్పడ్డారు.

మన వాడబలిజలు, జాలర్లు, పల్లెకారులు, అగ్నికుల క్షత్రియులు, గోదావరి కృష్ణల వెంట బెస్తలు, తెలంగాణ చెరువుల మీద గంగపుత్రులు, ముదిరాజులు వేసే ముడులకు అలాంటి పుస్తకం కావాలి. ఆ చేతులు ఒక్కచోట లేవు. పూరీ ఒడ్డున పెంటకోటలో తెలుగు మాట్లాడే జాలర్లు తరాలుగా ఉన్నారు. శ్రీకాకుళం తీరపు కుర్రాళ్ళు ఏటా గుజరాత్‌లోని వేరావల్‌కు పోయి నెలల తరబడి పడవల మీద ఉంటారు. ముడి వాళ్ళతో వెళుతుంది, అక్కడి ముడి వాళ్ళతో ఇంటికొస్తుంది. ఏది ఎక్కడిదో విడదీసి చూడగల ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. తెలుగులో ఈ పనికి దారి కూడా ఉంది. 1962లో భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశాన్ని వెలువరించినప్పుడు ఊరూరా తిరిగి రైతును అడిగి మాట రాసుకోవచ్చని చూపించారు. మాట కాగితం మీద నిలుస్తుంది. వేలి కదలిక నిలవదు. ఆ రోజుల్లో దాన్ని పట్టే సాధనం ఊళ్ళలో అందుబాటులో లేదు. ఇప్పుడు చాలా మత్స్యకార ఇళ్ళలో కుర్రవాడి జేబులో ఫోను ఉంది, దానితో వీడియో తీయవచ్చు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. వలలు నీడకు చేరి, తెగిన కన్నులు అల్లుకుంటూ తాతలు, మామలు అంతా ఊళ్ళోనే ఉండే కాలం అది. మత్స్య కళాశాలల విద్యార్థులు, తీరం బడుల్లో పైతరగతి పిల్లలు, ఊళ్ళో కుర్రాళ్ళు ఆ రెండు నెలలు ఈ పనికి పెట్టుకుంటే చాలు, పెద్ద డబ్బేమీ అక్కర్లేదు. తీసేటప్పుడు ముడి వేసేవారికి ఎదురుగా నిలబడకూడదు, కుడి ఎడమలు తారుమారై నేర్చుకునేవాడికి ముడి తిరగబడుతుంది. కూర్చున్నవారి భుజం వెనకనుంచి తీయాలి. ఒకసారి వాళ్ళ వేగంతో, ఒకసారి నిదానంగా, ఇంకొకసారి తడి తాడుతో. బిగించగానే ఆపేయకుండా విప్పడం కూడా తీయాలి. తాడు ఏ రకం, రెండిట్లో ఏది లావు, ఏ వలలో ఎక్కడ వాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నవి వాళ్ళ గొంతులోనే చెప్పించాలి. ఊరి పేరు, వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు.